సబ్సిడీ సొమ్ముతో ఫ్యాక్టరీ పొగ తగ్గుతుందా?

ఆటోనగర్ లేత్:
2025 జనవరిలో కేంద్రం మన విశాఖ స్టీల్ ప్లాంట్‌కి 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. అదే నెలలో అనకాపల్లి జిల్లా పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ (సౌర, పవన విద్యుత్తుతో నీటి నుంచి తీసే హైడ్రోజన్) హబ్‌కి శంకుస్థాపన. ఇలాంటి సొమ్ముతో పరిశ్రమ శుభ్రపడుతుందా, బ్యాలెన్స్ షీటు ఒక్కటే బాగుపడుతుందా? నాకైతే రెండోదే అనిపిస్తోంది. ప్యాకేజీలో 10,300 కోట్లు మూలధనం, 1,140 కోట్లు పాత అప్పుని షేర్లుగా మార్చడం. ఇందులో పొగ ఊసేది?

రిటైర్డ్ ఫర్నేస్:
బాబూ, అది ప్లాంట్ ప్రాణం నిలబెట్టడానికిచ్చిన డబ్బు. దానికీ పొగకీ ముడిపెట్టకు. సర్కారు సొమ్ముతో మంచి జరగదంటావా? మా ప్లాంట్‌లో బొగ్గుని కాల్చి కోక్ చేసే ఓవెన్లు చూడు. ఎర్రగా కాలిన కోక్ మీద నీళ్లు కుమ్మరించకుండా నైట్రోజన్‌తో చల్లారుస్తారు. ఆ వేడితో ఆవిరి, ఆవిరితో కరెంటు. ఖనిజాన్ని కరిగించి ఇనుము తీసే బ్లాస్ట్ ఫర్నేస్ పైనుంచి వచ్చే గ్యాస్ ఒత్తిడితోనూ టర్బైన్ తిరుగుతుంది. 1992లో జాతికి అంకితం చేసిన ప్లాంట్ అది. ‘గ్రీన్’ మాటకి ఇంత గిరాకీ లేని రోజులవి.

పరవాడ వాసి:
మేష్టారూ, అది ప్రభుత్వ పెట్టుబడి, సబ్సిడీ వేరు. కాలుష్యం తగ్గించే యంత్రం కొంటే బిల్లు చూసి రాయితీ ఇస్తారు. రోజూ నడపడానికయ్యే కరెంటు, కెమికల్స్ ఖర్చు యజమానిదే. రాత్రిపూట ఆపేస్తే అడిగేదెవరు? 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో స్టైరిన్ అనే విషవాయువు లీకై 12 మంది పోయారు. సబ్సిడీ అందక జరిగిందా అది? ట్యాంకు వేడెక్కుతుంటే చూసుకోక జరిగింది.

ఆటోనగర్ లేత్:
చిన్నవాళ్ల గోడు కూడా వినండి. సూక్ష్మ యూనిట్లకి జెడ్ సర్టిఫికెట్ (నాణ్యత, పర్యావరణ జాగ్రత్తలకిచ్చేది) ఫీజులో 80 శాతం కేంద్రం భరిస్తుంది. సంతోషం. కానీ కరెంటు తాగేది పాత కంప్రెసర్. అలాంటివి మార్చుకోవడానికి 2025లో వడ్డీ రాయితీ పథకం పెట్టారు, మాకు 5 శాతం. ముందు లోన్ రావాలి కదా! షెడ్డు అద్దెదని తెలిస్తే బ్యాంకులో కుర్చీ కూడా చూపించరు.

రిటైర్డ్ ఫర్నేస్:
బిల్లుకి కాకుండా ఫలితానికి డబ్బివ్వాలి, అంతే. కేంద్రం గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌లో అలాగే చేశారు. తయారైన కిలోకి మొదటి ఏడాది గరిష్ఠంగా 50 రూపాయలు, తర్వాత 40, ఆపైన 30. తయారు చేయకపోతే పైసా రాదు.

పరవాడ వాసి:
పూడిమడక లక్ష్యం రోజుకి 1,500 టన్నుల హైడ్రోజన్, సరుకు ప్రధానంగా ఎగుమతికే అన్నారు. భూమి మనది, తీరం మనది, శుభ్రపడేది మాత్రం పరాయి దేశపు ఫ్యాక్టరీ! టన్ను ఉక్కుకి కర్బన ఉద్గారం 2.2 టన్నుల లోపుంటేనే గ్రీన్ స్టీల్ అని 2024 డిసెంబర్‌లో కేంద్రమే చెప్పింది. బొగ్గు బదులు వాడేలా ఆ హైడ్రోజన్‌లో కొంత మన ఉక్కుకివ్వాలని షరతు పెట్టొచ్చుగా?

రిటైర్డ్ ఫర్నేస్:
పెట్టొచ్చు. కానీ బ్లాస్ట్ ఫర్నేస్‌లో కోక్‌ని పూర్తిగా తీసేయలేం, లోపల ఖనిజం బరువు మోసేది అదే. హైడ్రోజన్ కొంతవరకే ఊదగలం. మొత్తం దానిమీదే నడవాలంటే ఖనిజాన్ని కరిగించకుండానే ఇనుముగా మార్చే షాఫ్ట్ ఫర్నేస్ వేరే కట్టాలి. ఆ డబ్బు ఎవరిస్తారో ముందు చెప్పు, తమ్ముడూ.