25 మందికి బగారన్నం: కొలతలు నమ్మదగ్గ వంటల పుస్తకం ఏది?

మాది హన్మకొండ. వచ్చే ఆదివారం మా ఆడబిడ్డకు ఒడిబియ్యం పోస్తున్నం, 25 మంది వస్తరు. బగారన్నం, మటన్ కూర నేనే వండాలె. ఇంట్ల ఉన్న పుస్తకంల నలుగురికి 2 గ్లాసుల బియ్యం, 4 గ్లాసుల నీళ్లు అని ఉంది. అదే లెక్కన 3 కిలోల సోనామసూరి అరగంట నానబెట్టి వండితే అడుగంతా ముద్దయింది. రెండోసారి గ్లాసు బియ్యానికి గ్లాసున్నర నీళ్లే పోసిన, పైన పలుకు మిగిలింది. గిన్నె ఎంత వెడల్పుండాలె, మంట ఎప్పుడు తగ్గించాలె, దమ్ము ఎన్ని నిమిషాలు, ఏదీ రాయలేదు. ఉప్పు కూడా "తగినంత" అంటది. ఫొటోలు చూస్తే మాత్రం నోరూరుతది, అందుకే కొన్న. వచ్చినోళ్లు కడుపునిండ తిని పోవాలె, అదే నా ఆరాటం.

20 మందికి పైన తూకంతో కొలతలిచ్చిన తెలుగు వంటల పుస్తకం, మీరు స్వయంగా వండి చూసి సరిగ్గ కుదిరింది, ఏది?