పాత ట్రయంఫ్ డిఫరెన్షియల్ కొన్నాను, ఇది ఏ బండిదో ఎలా తెలుస్తుంది?

కోవెంట్రీ కుర్రాడు:
అందరికీ నమస్కారం. నాది 1972 ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మార్క్ 4 కారు. మోటార్‌వే మీద ఇంజిన్ గోల భరించలేక, పాత సామాన్ల సంతలో 60 పౌండ్లు పెట్టి ఒక డిఫరెన్షియల్ (ఇంజిన్ బలాన్ని వెనక చక్రాలకి పంచే పళ్ల చక్రాల పెట్టె) కొన్నాను. అమ్మినాయన "జీటీ6 బండిది, 3.27" అన్నాడు. అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇంజిన్ వైపు నుంచొచ్చే షాఫ్టు 3.27 చుట్లు తిరగాలి; ఈ అంకె తగ్గేకొద్దీ అదే వేగంలో ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది. ఒళ్లంతా తుప్పూ జిడ్డూ, నంబరు కనబడట్లేదు. బిగించాక తప్పని తేలితే మళ్లీ దించే ఓపిక నాకు లేదు. లోపల విప్పకుండా తెలుసుకునే దారి ఉందా?

గ్రీజు చేతులు:
పైన అడ్డ కమాను కట్ట కూర్చునే చదునైన చోటు, దానికి స్టడ్లు ఉన్నాయా? ఉంటే హెరాల్డ్ కుటుంబానిదే. హెరాల్డ్, విటెస్, స్పిట్‌ఫైర్, జీటీ6 అన్నిటివీ చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటాయి, అదే చిక్కు. వైర్ బ్రష్‌తో గీకితే నంబరు దొరకొచ్చు. కానీ ఈ యాభై ఏళ్లలో లోపలి క్రౌన్ (పెద్ద పళ్ల చక్రం), పినియన్ (దాన్ని తిప్పే చిన్న పళ్ల చక్రం) ఎవరు మార్చారో ఏం చెప్తాం!

నెల్లూరు మావయ్య:
బాబూ, నంబరు గొడవ వదిలెయ్, తిప్పి లెక్కపెట్టు. మా నాన్న షెడ్డుకి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌లు వచ్చేవి. అప్పట్నుంచీ మాది ఇదే పద్ధతి.

పక్కనున్న రెండు ఫ్లాంజిల్లో (షాఫ్టులు బిగించే గుండ్రటి బిళ్లలు) ఒకటి కదలకుండా ఇనప బద్దతో కట్టెయ్. రెండోదానికీ, ముందున్న పినియన్ ఫ్లాంజికీ సుద్దతో గీత పెట్టు. పక్క ఫ్లాంజి సరిగ్గా 20 చుట్లు తిరిగేదాకా పినియన్ తిప్పుతూ, పినియన్ చుట్లు లెక్కపెట్టి పదితో భాగించు. ఒక పక్క ఆపేస్తే రెండో పక్క రెట్టింపు తిరుగుతుంది, అందుకే 20.

41 దాటితే 4.11, అంటే హెరాల్డ్ 1200 లేదా మొదటి స్పిట్‌ఫైర్లు. 39కి కాస్త తక్కువైతే 3.89, నీ బండిలో ఉన్నదే. 36 పైన పావు వస్తే 3.63, స్పిట్‌ఫైర్ 1500. 33 లోపు ఆగితేనే ఆయన చెప్పిన 3.27.

కోవెంట్రీ కుర్రాడు:
మావయ్యా, 18 వచ్చింది. పదితో భాగిస్తే 1.8! ఇదేం బండండీ?

నెల్లూరు మావయ్య:
20 అంటే 10 తిప్పినట్టున్నావు.

కోవెంట్రీ కుర్రాడు:
అవును, క్షమించండి. ఈసారి రెండుసార్లు తిప్పాను. రెండుసార్లూ 36, ఇంకో పావు చుట్టు.

గ్రీజు చేతులు:
అయితే 3.63. పినియన్‌కి 8 పళ్లు, క్రౌన్‌కి 29. జీటీ6 కాదుగానీ, తమ్ముడూ, నువ్వు నష్టపోలేదు. మీ 1300 ఇంజిన్‌కి 3.27 బరువవుతుంది, ఎత్తు ఎక్కాలంటే మాటిమాటికీ థర్డ్ గేర్‌కి దిగాలి. దీంతో 70 మైళ్ల వేగంలో ఇంజిన్ నిమిషానికి సుమారు 300 చుట్లు (ఆర్‌పీఎం) తక్కువ తిరుగుతుంది.

ఒక్క జాగ్రత్త. స్పీడోమీటర్ కేబుల్ గేర్‌బాక్స్ నుంచి వస్తుంది, దానికి ఈ మార్పు తెలియదు. ముల్లు 70 దగ్గరుంటే బండి 75లో ఉంటుంది. మీ ఊళ్లో కెమెరాలు తక్కువేం కాదుగా!

నెల్లూరు మావయ్య:
బిగించే ముందు పినియన్ ఫ్లాంజి పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడు. ఊగితే బేరింగులు పోయినట్టే. తర్వాత ఆయిల్ తీసి చూడు. చాలావాటికి కింద డ్రెయిన్ ప్లగ్ ఉండదు, ఆయిల్ పోసే ప్లగ్ విప్పి బోర్లించాల్సిందే. నల్లటి మెత్తని పొడి పర్లేదు. ఇనప ముక్కలు రాలితే మాత్రం వెనక్కి ఇచ్చెయ్. క్రౌన్ ఒకటే మారుద్దామనుకోకు, క్రౌనూ పినియనూ జంటగానే మార్చాలి.

కోవెంట్రీ కుర్రాడు:
ఊగడం లేదు. పొడి మాత్రమే వచ్చింది. పినియన్ ఆయిల్ సీల్ ఎండి పగిలిపోయింది, కొత్తది ఆర్డర్ పెట్టాను.

నెల్లూరు మావయ్య:
మంచిది. సీల్ కోసం పినియన్ నట్టు విప్పేముందు నట్టుకీ షాఫ్టుకీ కలిపి ఒక గీత పెట్టుకో, మళ్లీ ఆ గీత దగ్గరికే బిగించు. ఈపీ 90 గేర్ ఆయిల్ పొయ్యి.