ఇంట్లో చేసిన ఎలక్ట్రోస్కోప్‌లో ఛార్జ్ నిలవడం లేదు

మా పాప సైన్స్ ఫెయిర్ కోసం ఖాళీ జామ్ సీసాతో ఎలక్ట్రోస్కోప్ (వస్తువులో విద్యుత్ ఛార్జ్ ఉందో లేదో చూపే పరికరం) చేశాం. మూతలోంచి రాగి తీగ దించి, కింది కొక్కేనికి వంటింటి అల్యూమినియం ఫాయిల్ రేకులు రెండు తగిలించాం. ఒక్కోటి 4 సెంటీమీటర్ల పొడవు. తీగ పైకొసన ఫాయిల్ ఉండ.

ప్లాస్టిక్ స్కేలును ఉన్ని శాలువాతో రుద్ది ఉండ దగ్గరికి తెస్తే రేకులు చక్కగా విడిపోతున్నాయి. స్కేలును ఉండకు రాసి తీసేస్తే మాత్రం రెండు మూడు సెకన్లలో మళ్ళీ వాలిపోతున్నాయి. పాప వివరించడానికి కనీసం అర నిమిషమైనా విడిగా నిలవాలి.

ఉండేది కాకినాడలో. ఈ ఆగస్టులో గాలిలో తేమ 85 శాతం చూపిస్తోంది. ఏసీ గదిలో కాస్త నయం, కానీ ఫెయిర్ జరిగేది ఫ్యాన్లు మాత్రమే ఉన్న హాల్లో. సీసాను హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, లోపల సిలికా జెల్ పొట్లాలు వేశాం. మూత ఇనుపది కాబట్టి తీగకు ముందు స్ట్రా తొడిగాం, తర్వాత మూతే తీసేసి థర్మాకోల్ బిరడా పెట్టాం. పెద్ద తేడా లేదు. స్కేలు బదులు బెలూన్‌ను జుట్టుకు రుద్దుదామంటే మా ఇంట్లో కొబ్బరి నూనె లేని తల దొరకదు!

తీగకూ సీసా మూతికీ మధ్య ఇంట్లో దొరికే ఏ వస్తువు పెడితే, ఇంత తేమలోనూ ఛార్జ్ అర నిమిషం నిలుస్తుంది?