జిప్పు పౌచ్: మూలలు ముద్దకడుతున్నాయి, లైనింగ్ వదులుగా వస్తోంది. తేడా ఎక్కడ?

కట్‌పీసు:
కుట్టు సామాను పెట్టుకునే చిన్న జిప్పు పౌచ్ గురించి. కుట్టేశాక వెడల్పు 8, ఎత్తు 6 అంగుళాలు రావాలి. పైకి పెడన కలంకారీ, లోపల తెల్ల కాటన్ లైనింగ్, మధ్యలో ఇస్త్రీతో అంటించే బక్రమ్. జిప్పు రోల్ నుంచి కోసింది, నైలాన్, 3 నంబరు. లోపల ఒకవైపు పాకెట్లు కావాలి: దారం కత్తిరించే ట్రిమ్మర్, మిషన్ దారం చుట్టే బాబిన్లు, సూదుల ప్యాకెట్, చాక్.

అన్ని ముక్కలూ 9 x 7 కోసి, జిప్పు కూడా 9 అంగుళాలు పెట్టి పక్క కుట్లలో కలిపేస్తే జిప్పు రెండు చివరలా మూల ముద్దకట్టి లోపలికి లాక్కుపోతోంది. లైనింగ్ అడుగున పోగుపడుతోంది. బాబిన్లు పెడితే పాకెట్ బిగుసుకుపోతోంది. కాలు మిషన్, జిప్ ఫుట్ ఉంది. కొలతలు ఎలా మార్చాలి?

సూదీదారం:
మూలలూ లైనింగూ రెండూ కొలతల్లో తేలే విషయాలే అండి.

మీరు చెప్పిన పద్ధతిలో ఆ మూలలో కలంకారీ, బక్రమ్, లైనింగ్ రెండేసి పొరలు, వాటి మార్జిన్లు (కుట్టుకి అవతల వదిలే అంచులు), మధ్యలో జిప్పు టేపు, దాని పళ్లు. అంత దళసరి తిప్పాక మూల ఎక్కడ తేలుతుంది? జిప్పు పక్క కుట్టు దాకా రాకూడదు. బక్రమ్ అసలు ఏ కుట్టులోనూ పడకూడదు.

కలంకారీ 9 x 6¾ రెండు ముక్కలు, లైనింగ్ కూడా అంతే. జిప్పు వైపు మార్జిన్ పావు అంగుళం, మిగతా మూడు వైపులా అర అంగుళం. బక్రమ్ 8 x 6, అంచులు వెంట్రుకవాసి తగ్గించి కోయండి. బొమ్మలున్న కలంకారీ అయితే అడుగు కుట్టు తప్పించుకుందామని ఒకటే పొడుగు ముక్క వాడకండి, వెనకవైపు నెమలి తలకిందులవుతుంది.

జిప్పు 7 అంగుళాలు చాలు. దాని చివరలు కప్పడానికి 3 అంగుళాల పొడవు, టేపు కంటే కాస్త వెడల్పు గుడ్డముక్కలు రెండు. రెండు కొసలూ నడిమికి మడిచి, మళ్లీ సగానికి మడిస్తే ముప్పావు అంగుళం అవుతుంది. తెరిచి ఉన్న వైపు నుంచి జిప్పు చివర 3/8 అంగుళం దూర్చి అడ్డంగా కుట్టేయాలి, ఎక్కువైన వెడల్పు తర్వాత టేపుకి సమంగా కత్తిరించాలి. మొత్తం 7¾ వస్తుంది. 9 అంగుళాల గుడ్డకి సరిగ్గా నడుమ పెడితే అటూ ఇటూ 5/8 ఖాళీ. అర అంగుళం మార్జిన్‌తో పక్క కుట్టు వేశాక జిప్పు కుట్టుకి అరపావు ఇవతలే ఆగుతుంది. రన్నర్ (జిప్పుని తెరిచి మూసే ముక్క) ముందే ఎక్కించుకోవాలి, రెండు చివరలూ కప్పేశాక ఇక ఎక్కదు.

కలంకారీ మంచివైపు పైకి, దానిమీద జిప్పు బోర్లా, దానిమీద లైనింగ్ మంచివైపు కిందికి. మూడంచులూ కలిపి పావు అంగుళంలో కుట్టండి. రన్నర్ దగ్గరపడగానే సూది గుడ్డలోనే దించి, ఫుట్ ఎత్తి, రన్నర్‌ని దాటించండి. చాలామంది ఆగకుండా దాని పక్కనుంచి పోనిస్తారు, పైకి కనబడే వంకర అదే. రెండు గుడ్డలూ వెనక్కి తిప్పి ఇస్త్రీ చేసి, అంచుకి అరపావు దూరంలో పై కుట్టు, కాస్త పెద్ద కుట్టుతో. ఇది లేకపోతే లైనింగ్ ఎప్పటికైనా రన్నర్‌లో పడుతుంది. రెండోవైపూ ఇలాగే.

ఇప్పుడు జిప్పు సగానికి పైగా తెరిచిపెట్టి, కలంకారీ మీద కలంకారీ, లైనింగ్ మీద లైనింగ్ వేసి చుట్టూ కుట్టాలి. జిప్పు పళ్లు లైనింగ్ వైపుకి వంగి ఉండాలి. కలంకారీకి అర అంగుళం, లైనింగ్‌కి మాత్రం 5/8. లోపల కూర్చునే సంచి బయటిదానికంటే చిన్నదిగా ఉండాలి కదా, సమానంగా కుడితే ఆ మిగులే అడుగున పోగుపడుతుంది. తిప్పడానికి లైనింగ్ అడుగున 3½ అంగుళాలు వదిలేయండి. అడుగు మూలల్లో మార్జిన్ ఏటవాలుగా కత్తిరించాకే తిప్పాలి.

మడత_ఇస్త్రీ:
పాకెట్ల సంగతి. లైనింగ్ వెడల్పుకే పాకెట్ గుడ్డ కోస్తే అందులో సూదుల ప్యాకెట్ లాంటి పలచటివే పడతాయి. బాబిన్ మందం సెంటీమీటరు పైనే, ముందు గుడ్డకి ఆ మందం చోటు ఇవ్వాలి.

10 x 8 గుడ్డ ఉల్టా వైపు బయటికి ఉండేలా 10 x 4 కి మడిచి, పొడుగంచు పావు అంగుళంలో కుట్టి తిప్పేయండి, 3¾ ఎత్తు పట్టీ వస్తుంది. మడత వైపు పాకెట్ నోరు, అక్కడొక పై కుట్టు. చాక్‌తో గీతలు: అర అంగుళం మార్జిన్, ట్రిమ్మర్‌కి 2, బాబిన్లకి 4, సూదులకీ చాక్‌కీ కలిపి 3, మళ్లీ అర. కింద లైనింగ్ మీద గీతలు మాత్రం అర, 2, 3, 3, అర. బాబిన్ల గడిలో మిగిలిన అంగుళాన్ని అటొక అర, ఇటొక అర కుచ్చు పెట్టి అడుగున అణచి కుట్టండి. పైన నోరు దానంతటదే తెరుచుకుంటుంది.

పట్టీని లైనింగ్ అడుగంచుకి అంగుళం పైన పెట్టి కుట్టాలి. అడుగు కుట్టులో కలిపేస్తే తిప్పడానికి వదిలిన సందులో పొరలు ఎక్కువై మూయడం చిరాకు. గడుల మధ్య కుట్టు పాకెట్ నోటి దగ్గర రెండుసార్లు రివర్స్ వేయండి, చిరగడం అక్కడే మొదలవుతుంది. ట్రిమ్మర్ గడి వెనక లైనింగ్‌కి 2 x 3½ బక్రమ్ ముక్క అంటిస్తే మొన బయటికి పొడుచుకురాదు. ఇదంతా జిప్పు వేయకముందే అయిపోవాలి, పాకెట్ నోరు జిప్పు వైపే ఉందో లేదో ఒకసారి చూసుకుని.

కట్‌పీసు:
లెక్క అర్థమైంది, థ్యాంక్సండి. ఇంకొకటి. కుట్టినప్పుడు జిప్పు తిన్నగానే ఉంటోంది, ఒక్క ఉతుకుకే అలలు తేలుతోంది. దారం బిగువు వల్లా?

నీలిమందు:
బిగువు కాదు. కాటన్ ఉతికితే కుంచించుకుపోతుంది, జిప్పు టేపు పాలిస్టర్ కాబట్టి పోదు. గుడ్డ తగ్గి జిప్పు మిగిలితే అల తేలక ఏం చేస్తుంది? కలంకారీ, లైనింగ్ రెండూ కోతకి ముందే తడిపి, నీడలో ఆరేసి, కాస్త చెమ్మ ఉండగానే ఇస్త్రీ చేసుకోవాలి. కలంకారీ విడిగా నానబెట్టండి, నీళ్లలో రంగు ఆగేదాకా. మీ లైనింగ్ తెల్లది మరి.

ఉతక్కముందే అల కనబడితే కారణం వేరు. కుట్టేటప్పుడు జిప్పునో గుడ్డనో లాగుతున్నట్టు, లేదా బొమ్మ కుదరాలని గుడ్డని ఏటవాలుగా కోసినట్టు. క్రాస్ గుడ్డ సాగుతుంది. జిప్పుకి ముందు చేత్తో తాత్కాలికంగా టాకాలు వేసుకుంటే లాగే పనే ఉండదు. నైలాన్ పళ్ల మీద ఇస్త్రీపెట్టె కాటన్‌కి పెట్టే వేడి నేరుగా తగలనివ్వకండి, మెత్తబడి రన్నర్ పట్టేస్తుంది. పైన గుడ్డ వేసి ఇస్త్రీ చేయాలి.

గజంబద్ద:
బక్రమ్ దగ్గర నాది వేరే మాట. గట్టి బక్రమ్ అంటించిన ముక్కని 3½ అంగుళాల సందులోంచి తిప్పితే ముడతలు పడతాయి, కొన్ని ఇస్త్రీకి కూడా పోవు. ఈ సైజుకి పలచటి ఫ్యూజింగ్ (ఇస్త్రీతో అంటించే మెత్తటి గుడ్డ) చాలు. మెత్తగా నిండుగా కావాలంటే 3 మిల్లీమీటర్ల ఫోమ్, అదీ కుట్టులో పడకుండా. ఫోమ్‌కి 16 నంబరు సూది, కుట్టు పొడవు 3. మామూలు బక్రమ్‌కి 14 సూది చాలు.

సూదీదారం:
ఒప్పుకుంటాను, గట్టి బక్రమే వాడేట్టయితే సందు 5 అంగుళాలు వదలాలి. సందు మూసేటప్పుడు చేత్తో హెమ్మింగే చేయండి, మిషన్ కుట్టు వేస్తే లోపల గట్టిగా అంచు తేలి బాబిన్లు సరిగా కూర్చోవు. రన్నర్ బిగుతుగా కదిలితే పళ్ల మీద కొవ్వొత్తి మైనం రుద్ది నాలుగైదుసార్లు అటూ ఇటూ లాగండి.