కుర్ర డ్రైవర్ల మీద ప్రచారం: ప్రమాదాలు తగ్గించిందని ఎలా తేల్చాలి?

దారిదీపం: 18–24 ఏళ్లవాళ్లు తాగి నడపొద్దని ఆరు వారాలు ప్రచారం నడిచింది. ఆ వారాల్లో ఆ వయసు డ్రైవర్ల ప్రమాదాలు కిందటేడు 35, ఈసారి 30. 14 శాతం తగ్గుదల ప్రచారం వల్లేనని రాయొచ్చా? సర్వేలో ఏం అడగాలి?

లెక్కలపిచ్చి: రాయకూడదు. కిందటేడు అంకె పెరిగిందనేగా ప్రచారం పెట్టింది? బాగా పెరిగిన ఏడాది తర్వాత ఏమీ చేయకపోయినా అంకె సగటు వైపు దిగొస్తుంది. కనీసం ఐదేళ్ల నెలవారీ అంకెలు తీసి, కాలాల హెచ్చుతగ్గులు తీసేసి చూడండి.

పోలికరాయి: పోలిక గుంపు లేకపోతే అదీ వృథా. అదే ప్రాంతంలో 30–59 ఏళ్లవాళ్లను పక్కన పెట్టుకోండి. వానలు, పెట్రోలు ధర అందరికీ ఒకటే.

రాత్రిబండి: 30–59 వాళ్లు ఆ ప్రచారం చూడలేదని ఎవరన్నారు? వాళ్లూ కాస్త మారితే రెండు గుంపుల మధ్య తేడా కరిగిపోతుంది. పనిచేసిన ప్రచారాన్ని దండగ అని రాసేస్తారు.

పోలికరాయి: అందుకని పోలికే వద్దంటారా?

రాత్రిబండి: నేనన్నది చదవండి ముందు. పోలిక వయసులో కాదు, వేళలో పెట్టమంటున్నా. అదే వయసువాళ్లు రాత్రి 10 నుంచి తెల్లవారి 4 దాకా ఎవరినీ గుద్దకుండా తమంతట తామే పడ్డ ప్రమాదాలు ఒక వైపు, పగలు రెండు బండ్లు గుద్దుకున్నవి ఇంకో వైపు. తాగి చేసినవి మొదటి వైపే ఎక్కువ. తాగినట్టు పోలీసులు నమోదు చేసిన కేసుల్ని కొలతగా తీసుకోవద్దు, తనిఖీలు పెరిగితే అవీ పెరుగుతాయి.

సీనియర్_విశ్లేషకుడు: పదిహేనేళ్లుగా ఈ లెక్కలే చేస్తున్నాను. మీ ఇద్దరూ అసలు చిక్కు వదిలేశారు. 35, 30 అంకెల మధ్య తేడా 5. కాకతాళీయంగా వచ్చే ఊగిసలాటే 8 దాకా ఉంటుంది, రెండూ కలిపి వర్గమూలం తీయండి. రోడ్డు భద్రత ప్రచారాల మీద 67 అధ్యయనాలను కలిపి చూసిన 2011 సమీక్షలో ప్రమాదాల సగటు తగ్గుదల 9 శాతం. ఏడాదికి 300 ప్రమాదాలుంటే అది 27. ఏడాదికీ ఏడాదికీ ఊగిసలాట 24, నమ్మాలంటే తేడా దానికి దాదాపు రెట్టింపు, 47 ఉండాలి. ముందు మూడేళ్లు, తర్వాత మూడేళ్లు తీస్తే 900కి 819, తేడా 81; ఇదే లెక్కన కావాల్సిందీ దాదాపు 81, అప్పుడు గట్టు అంచుకు చేరతారు.

రాత్రిబండి: మూడేళ్లలో లైసెన్సు నియమాలు మారిపోతాయండీ. ఆ తగ్గుదల ఎవరి ఖాతాలో రాస్తారు? పదిహేనేళ్ల అనుభవం దీనికి జవాబు కాదు.

సీనియర్_విశ్లేషకుడు: నియమాలు మారిన తేదీని లెక్కలో వేరే అంశంగా పెడతారు. తెలియకపోతే అడగండి, అరవకండి.

బెల్టుచూపు: ప్రమాదాల కోసం కూర్చునే బదులు నడవడిక కొలవండి. వేగమైతే ముందు బండికి 5 సెకన్ల ఎడం ఉన్నవే లెక్కపెట్టాలి, గుంపులో ఇరుక్కున్న బండి వేగం డ్రైవర్ ఇష్టం కాదు. బెల్టయితే చీటీ తీసి ఎంచిన చోట్లు, ప్రతిసారీ అదే వారం, అదే గంట, ఒకే లేన్. వయసు కంటితో అంచనా వేస్తే తప్పు పడుతుంది. ముందు ఇద్దరు విడివిడిగా ఒకే 200 మందిని రాసి సరిచూసుకోవాలి.

లెక్కలపిచ్చి: అడిగింది తాగి నడపడం గురించి. బెల్టుతో ఏం తేలుతుంది?

బెల్టుచూపు: పద్ధతి చెప్పాను. తాగుడుకైతే దారిలో ఎవరిని పడితే వారిని ఆపి చేసే శ్వాస పరీక్ష. అనుమానం వచ్చినవాళ్లనే ఆపితే ఆ అంకె పనికిరాదు.

ప్రశ్నపత్రం: సర్వే సంగతి అందరూ మరిచారు. 'తాగి నడిపారా' అంటే మంచివాళ్లలాగే జవాబిస్తారు. 'కిందటి నెలలో ఎన్నిసార్లు' అనండి. చూపించే ప్రకటనల్లో ఎప్పుడూ ప్రసారం కానిది ఒకటి కలపండి. దాన్నీ చూశామన్న శాతాన్ని అసలుదాని లోంచి తీసేయాలి.

దారిదీపం: మరో నాలుగు ప్రాంతాల్లో ప్రచారం ఇంకా మొదలు కాలేదు. పోలీసు తనిఖీలు కూడా అదే రోజు మొదలుపెట్టాలనుకుంటున్నారు.

పోలికరాయి: వద్దు, రెండూ కలిస్తే ఏది పనిచేసిందో తేలదు. రెండు చోట్ల ప్రచారం ఒక్కటే, రెండు చోట్ల ప్రచారంతో పాటు తనిఖీలు. ఏది ఎక్కడో చీటీ వేసి తేల్చండి, ప్రాంతానికీ ప్రాంతానికీ రెండు నెలల ఎడంతో మొదలుపెట్టండి.

రాత్రిబండి: ఇందులో పోలికరాయి గారితో నాకు పేచీ లేదు. చీటీ వేసే ముందే కొలత ఏదో కాగితం మీద రాసి ఉంచండి.