పాత చెక్క చట్రం పబ్బులు: ఫ్లీస్ ఇన్ చూసినవాళ్లు ఉన్నారా?

ఏవన్_ఒడ్డున
ఇంగ్లండ్‌లో ఊస్టర్‌షైర్ వైపు ఉండేవాళ్ల కోసం ఈ చర్చ మొదలుపెడుతున్నా. ఈవ్‌షామ్ దగ్గర బ్రెట్‌ఫర్టన్ అనే పల్లెటూళ్లో ఫ్లీస్ ఇన్ అనే పబ్బు ఉంది. 15వ శతాబ్దం తొలినాళ్లలో బర్డ్ అనే రైతు కట్టుకున్న ఇల్లు అది. ఒకే కప్పు కింద ఒక పక్క మనుషులు, ఇంకో పక్క పశువులు. 1848లో ఆ కుటుంబం వాళ్లే లైసెన్స్ తీసుకుని పబ్బుగా మార్చారు. ఆఖరి వారసురాలు లోలా టాప్లిన్ 1977లో చనిపోతూ, పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకి రాసిచ్చింది. చిప్స్ ప్యాకెట్లు మాత్రం అమ్మొద్దని చెప్పి మరీ పోయిందని ఊళ్లో చెప్పుకుంటారు.

వచ్చే నెల అమ్మానాన్న వస్తున్నారు. నాన్న పాత ఇళ్లు కనబడితే కదలరు. ఇలాంటి కట్టడంలో ఆయనకు ఏమేం చూపించాలి? మీరు దగ్గరగా చూసినవి చెప్పండి.

కొయ్యపని
ముందు మూలల్లోని అతుకులు చూపించండి. గోడలు బరువు మోయవు, మోసేదంతా ఓక్ చట్రమే. ఒక దూలం చివర నాలుకలా చెక్కి, నిలువు గుంజలో తొలిచిన బెజ్జంలోకి దూర్చి, అడ్డంగా ఓక్ చీల కొడతారు. ఇందులో పనితనం ఎక్కడుందంటే, గుంజలోని రంధ్రం, నాలుకలోని రంధ్రం సరిగ్గా ఒకే గీతలో పెట్టరు, కొంచెం పక్కకి వేస్తారు. చీల దిగేకొద్దీ రెండు కొయ్యలనీ బిగించి లాగుతుంది.

కొయ్య కూడా ఆరబెట్టింది కాదు, పచ్చిది. ఎండిన ఓక్ మీద ఉలి ఆడదు, అందుకని పచ్చిగా ఉన్నప్పుడే చెక్కి నిలబెట్టేవాళ్లు. తర్వాత ఏళ్ల తరబడి ఎండుతూ మెలి తిరుగుతుంది. ఆ గోడలు ఒరిగినట్టు, దూలాలు వంగినట్టు కనిపించడానికి చాలావరకు కారణం ఇదే, చూసి భయపడక్కర్లేదు.

ఇంకోటి. అతుకుల పక్కన ఉలితో గీసిన రోమన్ అంకెలు ఉంటాయి. చట్రమంతా ముందు నేలమీద పరిచి, సరిచూసుకుని, విప్పి, స్థలానికి తెచ్చి నిలబెట్టేవాళ్లు. ఏ కొయ్య ఎక్కడికో తెలియడానికి ఆ గుర్తులు. ఫోన్ టార్చ్ పక్కనుంచి వాలుగా వేస్తే నీడ పడి స్పష్టంగా కనిపిస్తాయి. ఎదురుగా వేస్తే ఏమీ కనపడదు.

సున్నపుగోడ
చట్రం మధ్య గళ్లలో ఏముందో కూడా అడగండి. పాత పద్ధతిలో ఐతే ఓక్ పుల్లలు నిలబెట్టి, హేజెల్ అనే చెట్టు కొమ్మలు అల్లి, మట్టిలో గడ్డి, పేడ కలిపి రెండు పక్కలా మెత్తి, పైన సున్నం పూస్తారు. మన ఊళ్లలో తడిక గోడకి మట్టి మెత్తినట్టే, పెద్ద తేడా లేదు. మీ నాన్నగారు చూడగానే గుర్తుపడతారు.

ఇది నాకు బాధ కలిగించే విషయం కాబట్టి కాస్త ఎక్కువ రాస్తున్నా. మేం అద్దెకున్న పాత ఇంటికి మాకు ముందెవరో బయట సిమెంట్ పూయించారు. సున్నం, మట్టి తడిని పీల్చుకుని మళ్లీ వదిలేస్తాయి. సిమెంట్ వదలదు. చట్రం కదిలినప్పుడు సిమెంట్‌కి సన్నటి బీట పడుతుంది, అందులోంచి దిగిన వాన నీళ్లు కొయ్య వెనకే నిలబడిపోతాయి. పూత ఊడగొట్టి చూస్తే అడుగు దూలం వేలుతో గుచ్చితే పొడి రాలింది. వందల ఏళ్లు నిలిచిన కొయ్య, చేవ ఉన్న కొయ్య, అలా పోయింది. ఎవరైనా ఇలాంటి ఇల్లు కొంటుంటే సున్నం పని తెలిసిన మనిషితో చూపించకుండా సంతకం పెట్టకండి. లిస్టెడ్ ఐతే, అంటే రక్షిత కట్టడాల జాబితాలో ఉంటే, అనుమతి లేకుండా మార్పులు చేయడం నేరం కూడా.

కోవెంట్రీ_కబుర్లు
నల్ల కొయ్య, తెల్ల గోడ అనే రంగులు మొదటినుంచీ ఉన్నవేనా? ఇంకో పబ్బులో ఐతే దూలాలు పాత ఓడలవి అని చెప్పారు.

కొయ్యపని
నలుపు తెలుపు చాలాచోట్ల విక్టోరియా కాలంలో పట్టుకున్న మోజు. రంగు వేయని ఓక్ వెండి బూడిద రంగులోకి తిరుగుతుంది. చాలాచోట్ల కొయ్య మీద కూడా సున్నమే కొట్టేసేవాళ్లు.

ఓడల కథ దాదాపు ప్రతి పబ్బులోనూ చెప్తారు. సముద్రానికి దూరంగా ఉన్న పల్లెకి అంత బరువు బండ్ల మీద లాక్కురావడం ఎవరికి గిట్టుబాటు? ఖాళీ బెజ్జాలు చూసి ఆ కథ పుడుతుంది. అవి సాధారణంగా పడగొట్టిన ఇంకో ఇంటి కొయ్యవి, లేదా అక్కడే తీసేసిన అడ్డగోడవి.

పొయ్యి_పక్కన
ఫ్లీస్‌లో నాకు నచ్చింది పొయ్యిల ముందు నేల మీద తెల్లగా గీసిన వలయాలు. పొగగొట్టంలోంచి మంత్రగత్తెలు దిగకుండా అట. ఇంకో గదిలో 17వ శతాబ్దపు ప్యూటర్ (తగరం ఎక్కువగా ఉండే మిశ్రమ లోహం) పళ్లాలు వరసగా పేర్చి ఉంటాయి. ఆ కాలంలో రాజు మీద యుద్ధం చేసిన సేనాని క్రామ్‌వెల్ వదిలి వెళ్లాడని స్థానికంగా ఒక కథ.

2004 ఫిబ్రవరిలో నిప్పురవ్వ పడి గడ్డి కప్పు అంటుకుంది. పై అంతస్తు బాగా పోయింది. ఆ పళ్లాలు మాత్రం దక్కాయి. 2005 జూన్‌లో మళ్లీ తెరిచారు. లావుపాటి ఓక్ పైపైన బొగ్గయ్యాక లోపలి భాగం నెమ్మదిగా కాలుతుంది, పాత చట్రాలు మంటల్లో కొంతైనా మిగలడానికి అదో కారణం.

పాతకాగితం
1848 అన్నారు కదా, దాని వెనక చట్టం కూడా తెలుసుకోండి. 1830 బీర్‌హౌస్ చట్టం వచ్చాక పన్ను కట్టే ఏ గృహస్థుడైనా రెండు గినీలు (అప్పటి బంగారు నాణేల లెక్క) చెల్లించి ఇంట్లోనే బీరు అమ్ముకునే వీలు కలిగింది. జిన్ తాగుడు తగ్గించాలన్నది ప్రభుత్వ ఉద్దేశం. ఆ శతాబ్దంలో ఎన్నో పల్లెల్లో రైతుల ఇళ్లే పబ్బులయ్యాయి. అందుకే వాటిలో ఇప్పటికీ పెద్ద హాలు ఉండదు, చిన్న చిన్న గదులే.

ఏవన్_ఒడ్డున
అందరికీ చాలా థాంక్స్ అండీ. మే నెలాఖరు ఐతే ఎలా ఉంటుంది? నాన్నకి మోకాళ్ల నొప్పులు.

పొయ్యి_పక్కన
మే మంచిదే, అది ఆస్పరాగస్ అనే కూరగాయ కాలం. ఆ పబ్బులోనే దాని వేలం పాట జరుగుతుంది, ఆ రోజు మాత్రం జనం కిక్కిరిసి ఉంటారు. దూలాలు చూడాలంటే మామూలు రోజు మధ్యాహ్నం భోజనాల రద్దీ అయ్యాక వెళ్లండి. రైల్లో ఐతే దగ్గరి స్టేషన్ హనీబోర్న్, అక్కడినుంచి టాక్సీ ముందే మాట్లాడుకోండి. లోపల రాతి పలకల నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది, గుమ్మాలు పొట్టి. నాన్నగారిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లండి.