వేసవిలో ‘వి’ ముందా, ‘గి’ ముందా?

ప్రశ్న: శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు ఎండాకాలంలో అతిథులకు పెట్టే భోజనం పద్యం నాలుక మీద ఆడుతోంది. ‘వెలయఁగఁ బెట్టు భోజనము వేసవిఁ జందనచర్చ మున్నుగన్’ అని చివరి పాదం. మా మాస్టారు ‘వేసఁగిఁ’ అని చదివేవారు. ఏది సరైన పాఠం? అసలు ఆ మాట ఎక్కడిది?

బెంగళూరు నుంచి: ‘వే’ అంటే కాలడం, ఉడకడం. వేగు, వేడి, వేపుడు అన్నీ ఆ ఇంటివే. కన్నడంలో బేసిగె. మన వేరు వారికి బేరు, మన వేడు వారికి బేడు. అక్కడ చివర ‘గె’ ఉంది కనుక ‘గి’ పాతది. పగలు పవలైనట్టు, పగడం పవడమైనట్టు వేసగి వేసవి అయింది.

తిరుపతి నుంచి: పగలు ఒప్పుకుంటాను, పగడం చెల్లదు. అది ప్రవాళం నుంచి వచ్చింది, అక్కడ వకారమే ముందు. ఇక పాఠం సంగతి. యతి వె, వేల మీద ఉంది కాబట్టి గి, వి రెండూ నిలుస్తాయి. నిండుసున్నతో వేసంగి మాత్రం పడదు. ‘మువేస’ జగణం, అంటే చివర లఘువే ఉండాలి, ‘సం’ గురువైతే చంపకమాల చెడిపోతుంది.

కరీంనగర్ నుంచి: పద్యంలో పట్టకపోతే మాట చిన్నదైపోదండీ. వేసఁగిలోని అరసున్న మా నోళ్ళలో నిండుగా పలుకుతుంది. యాసంగి (రబీ) పంట కూడా ఈ వేసంగే అని నా గట్టి నమ్మకం.

కాకినాడ నుంచి: మాకది దాళ్వా. అయినా యాసంగి నాట్లు పడేది చలిలో కదా?

కరీంనగర్ నుంచి: కోత ఎప్పుడో చూడండి. మార్చి, ఏప్రిల్. రైతు పేరు పెట్టేది గింజ చేతికొచ్చే కాలాన్ని బట్టి.

గుంటూరు నుంచి: అందరూ వడపిందెలను దాటిపోయారు! ఆ పాదానికి ముందే చెరకుపాలు, ఎడనీళ్ళు (లేత కొబ్బరినీళ్ళు), వడపిందెలు, నీరుచల్ల (పలుచని మజ్జిగ) వరసగా వడ్డించాడు రాయలు. వడ అంటే ఎండవేడి, వడగాలిలో ఉన్నదే. ఎండకు వాడిన మామిడిపిందెలు అవి.

తిరుపతి నుంచి: కాదు, ఊరవేసిన పిందెలు. నీరుచల్ల పక్కన నంజుకోవడానికి ఇంకేం కావాలి? రాయలు వంటింటి మనిషి. వానాకాలం పద్యంలో భార్య కళ్ళకు పొగ తగలకుండా కొబ్బరి చిప్పలతో పొయ్యి రాజేయించాడు. అంత చూసినవాడు వట్టి వాడు పిందెలు వడ్డిస్తాడా?

గుంటూరు నుంచి: ఉప్పులో వేసే ముందు ఎండలో వడలనివ్వరా? పేరు అక్కడే పుట్టింది.